వెయిట్ లిస్టులో ఉండాలా, వద్దా?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన పది నిమిషాల్లో డి.ఎ. గురించి గాని, మెడికల్ కార్డుల గురించి గాని మాట్లాడబోవడం లేదు. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు. మనవలు, మనవరాళ్లు కాలేజీ వయసుకు వచ్చారు. వేసవి వచ్చేసరికి "వెయిట్ లిస్టులో పెట్టారు, ఏం చేయమంటారు నాన్నా?" అని ఫోను వస్తోంది. దాని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

అక్కడ పిల్లలు ఒకేసారి అనేక కాలేజీలకు దరఖాస్తు చేస్తారు. సీటిచ్చినవాటిలో ఒకదాన్ని ఎంచుకుని, సాధారణంగా మే 1వ తేదీలోగా డిపాజిట్ కట్టాలి. అది సామాన్యంగా తిరిగి రాదు. కొన్ని కాలేజీలు సీటివ్వకుండా, కాదనకుండా వెయిట్ లిస్టులో పెడతాయి. మే 1 దాటాక ఖాళీలుంటే పిలుస్తాయి. ఒకచోట డిపాజిట్ కట్టి వేరేచోట వెయిట్ లిస్టులో ఉండడం తప్పు కాదు. రెండుచోట్ల డిపాజిట్ కట్టడం మాత్రం తప్పు. మరొకరి సీటు ఆపినట్లవుతుంది.

నేను రిజర్వేషన్ కౌంటర్లో ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ణి. మన వెయిటింగ్ లిస్టుకు నంబరుంటుంది, అది తగ్గుతూ వస్తుంది. అక్కడ చాలా కాలేజీల్లో నంబరే ఉండదు. ఏ కోర్సులో ఖాళీ వస్తే దానికి తగిన వారిని పిలుస్తారు. అక్కడి అడ్మిషన్ కౌన్సెలర్ల జాతీయ సంఘం 2019 నివేదిక ప్రకారం, వెయిట్ లిస్టులో ఉంటామన్న వారిలో సగటున 20 శాతం మందికి సీటు దొరికింది. పోటీ బాగా ఎక్కువగా ఉన్న కాలేజీల్లో అది 7 శాతమే. ఏ కాలేజీ ఎందరిని తీసుకుందో 'కామన్ డేటా సెట్' అనే పత్రంలో చాలా కాలేజీలు ఏటా ప్రకటిస్తాయి. ముందు అది చూడమనండి.

నిరుడు మా అబ్బాయి కూతురికి ఇదే పరిస్థితి వచ్చింది. సొంత రాష్ట్రపు యూనివర్సిటీలో తక్కువ ఫీజుతో సీటు వచ్చింది, డిపాజిట్ కట్టారు. రెండు ప్రైవేటు కాలేజీలు వెయిట్ లిస్టులో పెట్టాయి. నేను మూడు ప్రశ్నలు అడిగాను. రేపు పిలిస్తే ఉన్న సీటు వదిలి సంతోషంగా వెళతావా? ఆర్థిక సహాయం ఇవ్వకపోతే ఎంతవరకు భరించగలరు? ఏ తేదీ వరకు ఎదురుచూస్తావు?

మొదటి ప్రశ్నకే ఒక కాలేజీ పోయింది. "పేరు కోసమే వేశాను తాతయ్యా" అని తనే పేరు తీయించుకుంది. రెండోది కోర్సు నచ్చి కోరుకున్నది. దానికి తన ఆసక్తి తెలుపుతూ ఒక ఉత్తరం రాసింది. జూన్ 30 గడువు పెట్టుకుంది. నేను ఇవ్వగలిగిన మొత్తం ఇంత అని ఏప్రిల్‌లోనే చెప్పేశాను. ఊళ్లో స్థలం అమ్మేది లేదని కూడా చెప్పాను. అది మీ బామ్మకూ నాకూ ఆసరా అన్నాను.

జూన్ మధ్యలో పిలుపు వచ్చింది. మూడు రోజుల్లో జవాబివ్వాలి. సహాయం ఒక్క డాలరు లేదు. మావాడి మనసు ఊగింది. కాని లెక్క ముందే వేసి ఉంది గనుక, మూడు రోజులు అక్కర లేకుండా ఆ సాయంత్రమే పిల్ల వద్దని రాసేసింది. మరో కుటుంబానికి స్తోమత ఉంటే వెళ్లడమే సరి కావచ్చు. నేను చెప్పేదొక్కటే: పిలుపు రాకముందే జవాబు తేల్చుకోవాలి.

ఇక్కడి మనవలకూ ఇది వర్తిస్తుంది. ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి.ల జోసా కౌన్సెలింగులో 'ఫ్లోట్' అని పెట్టాక పై సీటు వస్తే, పాత సీటు దానంతటదే పోతుంది. అక్కడైతే ఆలోచించడానికి ఆ మూడు రోజులు కూడా ఉండవు.

పెద్దలకు ఒక మనవి. "ఆ పెద్ద కాలేజీ ఏమన్నా పిలిచిందా?" అని ఫోను చేసినప్పుడల్లా అడగవద్దు. చేరబోయే కాలేజీ గురించి అడగండి. పిల్లలు అక్కడ నాలుగేళ్లు చదవాలి. మన నోట ఆ పేరు గౌరవంగా వినబడాలి.