కిలో గుడ్డ అంటే ఎన్ని మీటర్లు? ఆన్‌లైన్‌లో చవక బట్టల వేట

ఈ రోజు నా టేబుల్ మీద ల్యాప్‌టాప్ పక్కన కత్తెర, టేపు, వంటింట్లో వాడే చిన్న కాటా కూడా ఉన్నాయి. కుట్టు వీడియోలో కాటా ఏంటి అనుకుంటున్నారా? చెప్తాను, కాస్త ఆగండి.

మన సీతారామపురం లాంటి ఊళ్ళో మిషన్ కుట్టేవాళ్ళకి కుట్టడం ఒక పని, సామాను తెచ్చుకోవడం ఇంకో పని. హుక్స్, మామూలు దారం రీళ్ళు ఇక్కడే దొరుకుతాయి. కాస్త రకమైన లేసు, మంచి క్యాన్వాస్ కావాలంటే ఉదయగిరి పోవాలి. అక్కడా లేకపోతే నెల్లూరే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం వచ్చి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్ళకి టికెట్ లేదు, బాగానే ఉంది. కానీ నెల్లూరు పోయి వస్తే రోజంతా పోతుందిగా! ఆ రోజు కుట్టాల్సిన జాకెట్ల కూలీ ఎవరిస్తారు?

అందుకే మా వదినా నేనూ రాత్రి అన్నాలయ్యాక ఫోన్ పట్టుకుని కూర్చుంటాం. సూరత్ సింథటిక్ రకాలు, ఈరోడ్ కాటన్, మన మంగళగిరి డ్రెస్ మెటీరియల్, లూధియానా నుంచి మిషన్ విడిభాగాలు, అన్నీ ఆ చిన్న తెరలోనే. నిజం చెప్పాలంటే కొనడం కంటే వెతకడంలోనే సగం సరదా ఉంది. మొన్న కట్ పీసుల మూట ఒకటి వచ్చింది. విప్పితే లోపల పూల కాటన్, గళ్ళ గుడ్డ, ఒక పొడుగాటి అంచు ముక్క. వదిన ఒక్కొక్కటీ ఒళ్ళో పరుచుకుని, "ఏందమ్మాయ్, ఇదంతా ఆ రేటుకేనా?" అని మూడుసార్లు అడిగింది. అప్పటికే ఆమె లెక్కలో పెద్ద ముక్కలు పిల్లల పావడాలు, మధ్యరకం దిండు గలీబులు, మిగిలిన పేలికలు బొంతలోకి వెళ్ళిపోయాయి.

ఇప్పుడు కాటా దగ్గరికి వద్దాం. చవక గుడ్డ చాలాచోట్ల కిలో లెక్కన అమ్ముతారు. మనం కుట్టేది మీటరు లెక్కన. ఈ రెండింటికీ మధ్య వంతెన జీఎస్ఎం, అంటే ఒక చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. బీటెక్‌లో నేర్చుకున్న లెక్కలు ఇన్నాళ్ళకి ఇంట్లో పనికొచ్చాయండీ! పన్నా 44 అంగుళాలు అనుకోండి, అంటే 1.12 మీటర్లు. 60 జీఎస్ఎం పల్చటి గుడ్డ అయితే మీటరు దాదాపు 67 గ్రాములు, కిలోకి 15 మీటర్ల దాకా వస్తుంది. అదే పన్నాలో 110 జీఎస్ఎం పాప్లిన్ 8 మీటర్లే. ఇక 58 అంగుళాల పన్నాలో 250 జీఎస్ఎం మందపాటి గుడ్డ అయితే కిలోకి మూడు మీటర్లు కూడా రాదు.

కిలో 300 రూపాయలు అనుకుందాం. మొదటిది మీటరు 20 రూపాయలు పడింది, రెండోది 37, మూడోది 110. కాబట్టి "కిలో 300 మాత్రమే" అన్న మాట వినగానే ఎగిరి గంతెయ్యక్కర్లేదు. జీఎస్ఎం, పన్నా రెండూ రాయని చోట నేను కొనను. ఇంట్లో ఉన్న మీటరు లైనింగ్‌ని ఒకసారి కాటా మీద పెట్టి చూడండి, చేతికి అందాజు తెలుస్తుంది. డెలివరీ ఛార్జీ కూడా కలిపాకే మీటరు రేటు కట్టండి. ముక్కల మూటకైతే ఈ లెక్క కుదరదు, చిన్నచిన్న ముక్కల్లో జాకెట్టు తెగదు కదా.

సూదుల సంగతి. చవకగా ఉందని పెద్ద ప్యాకెట్ తీసుకునే ముందు పేరు చదవండి. ఇంట్లో తొక్కే మామూలు మిషన్‌కి హెచ్ఏ రకం, పైభాగం ఒకవైపు చదునుగా ఉంటుంది. ఫ్యాక్టరీల్లో వాడే జాక్ లాంటి పెద్ద మిషన్లకి డీబీ రకం, పైభాగం గుండ్రం. సైజు 14 అని రెండింటి మీదా ఉంటుంది, కానీ ఒకదాని సూది ఇంకోదానికి పనికిరాదు.

ఇంకో మాట. ప్యూర్ కాటన్ అని ఒక అమ్మకందారు పంపిన గుడ్డ చేతికి జారుతూ తగిలింది. వదిన ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీసింది. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి, నలిపితే పొడయ్యే బూడిద మిగులుతుంది. ఇది కరిగి నల్లపూసలా గట్టిపడింది, అంటే పాలిస్టర్. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచాం కాబట్టి వాపసు తీసుకున్నారు. కత్తెర పెట్టాక ఎవరూ తీసుకోరు, గుర్తుపెట్టుకోండి.

ఇంత చెప్పినా, చీరకి మ్యాచింగ్ లైనింగ్ మాత్రం మేం ఆన్‌లైన్‌లో కొనం. నెమలికంఠం రంగు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా కనిపిస్తుంది. మ్యాచింగ్ సెంటర్‌లో అయితే చీర కౌంటర్ మీద పెట్టి, నాలుగు తాన్లు లాగి, వాకిట్లో వెలుతురులో చూసి కోయించుకోవచ్చు. పైగా పండగ ముందు డబ్బులు అందకపోతే "తర్వాత ఇవ్వమ్మా" అనేది ఆ కొట్టాయనే, యాప్ కాదు. నిల్వ ఉండే సామాను, అంటే సూదులు, జిప్పులు, క్యాన్వాస్, తెల్ల లైనింగ్, ఇవి ఆన్‌లైన్‌లో ఎక్కువ మొత్తంలో తెప్పిస్తాం. ముగ్గురు నలుగురు కుట్టేవాళ్ళు కలిసి ఒకటే ఆర్డర్ పెడితే డెలివరీ ఛార్జీ కూడా పంచుకోవచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ మూటలోని పూల కాటన్‌తో చంటిపిల్లల జుబ్బా కత్తిరిద్దాం. మీరూ చేస్తానంటే గుడ్డ ముందురోజే నానబెట్టి ఆరేసి పెట్టుకోండి, కాటన్ ఉతికితే ముడుచుకుంటుంది. ఉంటానండీ.