ఉంటే చాలా? ఉంటేనేనా?

ఆదివారం పూట పిల్లల క్లాసులు, గ్రోసరీలు పక్కనబెట్టి వచ్చినందుకు కృతజ్ఞతలు.

మనలో చాలామందిమి పొద్దున్న లేస్తే కోడులో ‘ఇఫ్’లు రాసి బతికేవాళ్ళమే. అయినా 2024 మే 13న నేను ఒక ‘ఇఫ్’ దగ్గరే బోల్తా పడ్డాను. ఓటేద్దామని టికెట్ కొనుక్కుని మా ఊరు వెళ్ళాను. చేతిలో పాత ఓటరు కార్డు ఉంది. బూత్‌లో ఆఫీసరు గారు లిస్టు వెతికి, “కార్డుంటే చాలదు బాబూ, లిస్టులో పేరుంటేనే ఓటు” అన్నారు. తప్పు ఆయనది కాదు, నాదే.

ఆయన మాటలో లాజిక్ పాఠమంతా ఉంది. ‘ఉంటే చాలు’ అంటే పర్యాప్తం: అది ఉంటే పని జరిగితీరుతుంది. ‘ఉంటేనే’ అంటే ఆవశ్యకం: అది లేకపోతే పని జరగదు, కానీ ఉన్నంతమాత్రాన జరుగుతుందన్న హామీ లేదు. వాకిలి తడవడానికి వాన పడితే చాలు. అలాగని తడిసిన వాకిలి చూసి వాన పడిందనలేం, ఎవరైనా కళ్ళాపి చల్లి ఉండొచ్చు.

2010లో పార్లమెంటు చట్టాన్ని సవరించాక, 2011 నుంచి ఎన్నారైలు ఓటర్లుగా నమోదయ్యే వీలు కలిగింది. “ఓటు వచ్చేసింది” అని సంబరపడ్డాం. షరతులు లెక్కపెట్టండి. భారత పౌరసత్వం ఉండాలి. వేరే దేశ పౌరసత్వం తీసుకుంటే ఓసీఐ కార్డున్నా ఓటు లేదు. 18 ఏళ్ళు నిండాలి. ఫారం 6ఏ పెట్టి, పాస్‌పోర్టులో ఉన్న ఊరి జాబితాలో పేరెక్కించుకోవాలి. పోలింగ్ రోజు ఒరిజినల్ పాస్‌పోర్టుతో స్వయంగా వెళ్ళాలి. ప్రతిదీ ఆవశ్యకమే, ఏ ఒక్కటీ విడిగా పర్యాప్తం కాదు. మన కోడు భాషలో అన్నీ ‘అండ్’లే, ‘ఆర్’ ఒక్కటీ లేదు.

ఎన్నికల నినాదాలనూ ఇలాగే చదవండి. “మేం గెలిస్తేనే ప్రాజెక్టు పూర్తవుతుంది” అంటాడు ఒక నాయకుడు. గెలిచాక పూర్తికాకపోయినా ఆ మాట అబద్ధం కాదు! ఓడితే పూర్తికాదని మాత్రమే ఆయన చెప్పాడు. “గెలిస్తే పూర్తవుతుంది” అని విన్నది మనం. ఆ ‘నే’ను వదిలేసుకున్నది మనమే. ఈసారి నాయకులు విరాళాల కోసం ఇక్కడికి వచ్చినప్పుడు నిలబడి అడగండి: “గెలిస్తేనా, గెలిస్తేనేనా?”

టికెట్ కొనేముందు మాత్రం జాబితాలో మీ పేరు చూసుకోండి. నాలాగా కార్డును నమ్ముకుని విమానం ఎక్కకండి.

సెలవు.