కుక్క కాటుకు చెప్పుదెబ్బ: సామెత ఎంతవరకు, చట్టం ఎంతవరకు

(చెన్నై నగర తెలుగు నివాసుల కొరకు సిద్ధపరచిన ప్రసంగ పాఠం)



‘కుక్క కాటుకు చెప్పుదెబ్బ’ అనే సామెతను ఎరుగని తెలుగు ఇల్లు ఉండదు. చెన్నపట్నానికి వచ్చి తరాలు గడచి, ఇంటి భాషలో సగం తమిళం కలిసిపోయిన కుటుంబాలలో సైతం ఈ సామెత చెక్కుచెదరక నిలిచి ఉన్నది. చేసినదానికి అక్కడికక్కడే బదులు తీర్చడం దీని భావం. మాటకు మాట అనవలసిన సందర్భాలకు ఇది చక్కగా నప్పుతుంది. నిజమైన వీధిలో నిజమైన కుక్క మీదికి వచ్చినప్పుడు మాత్రం ఇది చాలదు.

కాటు పడకుండా ఆపడానికి వేసిన దెబ్బ వేరు; కాటు పడిన తరువాత కసి తీర్చుకోవడానికి వేసిన దెబ్బ వేరు. చట్టం మొదటిదానిని మన్నిస్తుంది, రెండవదానిని నేరంగా పరిగణిస్తుంది. ఈ రెండింటికంటె ముందు అది అడిగే ప్రశ్న మరొకటి ఉన్నది: ఆ కుక్క ఎవరి స్వాధీనంలో ఉన్నది? దాని గొలుసు ఎవరి చేతిలో ఉన్నది?

2024 మే నెలలో ఈ నగరంలోనే, థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ పార్కులో, రెండు రాట్‌వైలర్ కుక్కలు అయిదేళ్ల బాలికపై పడి తీవ్రంగా గాయపరచాయి. బాలికను విడిపించబోయిన తల్లి కూడా గాయపడినది. ఆ బాలిక పార్కు కాపలాదారు కుమార్తె. కుక్కల యజమానిని పోలీసులు అరెస్టు చేశారు. దానికి పదిహేను నెలల ముందు, 2023 ఫిబ్రవరిలో, హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కల గుంపు నాలుగేళ్ల బాలుని ప్రాణం తీసినది. ఆ బాలుని తండ్రి కూడా కాపలా ఉద్యోగియే. బ్రతుకుతెరువు కొరకు నిజామాబాదు ప్రాంతం నుండి నగరానికి వచ్చిన కుటుంబం వారిది.

ఒకచోట పెంపుడు కుక్కలు, మరొకచోట వీధికుక్కలు. గాయపడినవారు మాత్రం ఒకే తీరు ఇంటివారు. చుట్టూ ప్రహరీగోడ, కాలు పెట్టడానికి కారు ఉన్నవారికి కుక్క బెడద అంతగా తగలదు. పనిచేసే చోటనే కాపురముండే కాపలాదారు, తెల్లవారకముందే చీపురు పట్టే పారిశుద్ధ్య కార్మికురాలు, పాల సంచులు వేసే కుర్రవాడు, రెండవ ఆట సినిమా వదిలాక నడిచి ఇల్లు చేరేవాడు ముందుగా దీనికి గురి అవుతారు. వలస వచ్చిన తెలుగువారిలో పలువురు ఈ పనులలో ఉన్నారు. అందువలన కుక్కల సమస్య కేవలం జంతుప్రేమికులకూ వారి విరోధులకూ నడుమ సాగే వాదం కాదు. వీధిపై నిర్భయంగా నడిచే హక్కు ఎవరికి ఉన్నదన్నదే ఇందులోని అసలు విషయం.

మొదట యజమాని సంగతి. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ ఈ విషయానికి సంబంధించినది. తన స్వాధీనంలోని జంతువు వలన మనిషి ప్రాణానికి గాని, తీవ్రగాయానికి గాని ముప్పు కలుగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివానికి ఆరు నెలల వరకు జైలు, లేదా అయిదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. పాత శిక్షాస్మృతిలో ఇదే నేరానికి జరిమానా వెయ్యి రూపాయలకు మించేది కాదు.

ఈ సెక్షన్‌లో గమనించవలసిన మాట ‘స్వాధీనం’. కుక్కను కొన్నది ఎవరు, లైసెన్సు ఎవరి పేర ఉన్నది అన్న ప్రశ్నలతో విషయం ముగిసిపోదు. యజమాని కుక్కను సాయంత్రం వాహ్యాళికి తీసుకొని వెళ్లే పనివాడు, ఊరికి వెళ్లిన ఇంటివారి కుక్కను చూసుకొనే కాపలాదారు కూడా ఆ సమయానికి దానిని స్వాధీనంలో ఉంచుకొన్నవారే అన్న వాదం రావచ్చును. జీతం కొరకు పట్టుకొన్న గొలుసు నేరారోపణను తెచ్చిపెట్టగలదు. కాబట్టి అటువంటి పని ఒప్పుకొనేముందు మూడు అడగడం మంచిది: కుక్కకు కార్పొరేషన్ లైసెన్సు ఉన్నదా, రేబిస్ టీకా వేయించిన కార్డు ఉన్నదా, గట్టి మెడపట్టీ, పొట్టి గొలుసు, మూతికి చిక్కం ఉన్నాయా? తన బలానికి మించిన కుక్కను వీధిలోకి తీసుకొని వెళ్లనని చెప్పడం అవిధేయత కాదు. పసిపిల్లల చేతికి పెద్ద కుక్క గొలుసు ఇవ్వడం ఏ ఇంటివారికీ తగదు.

‘మా కుక్క ఎవరినీ ఏమీ అనదు’ అన్న మాట ప్రతి వీధిలోనూ వినబడుతుంది. ‘మొరిగే కుక్క కరవదు’ అన్న సామెత దానికి తోడు. కుక్క ఇంటివారితో మెలగే తీరు ఒకటి, హఠాత్తుగా పరుగెత్తే పసివాని వెంట పడే తీరు మరొకటి. ద్వారం మీద ‘నాయ్‌గళ్ జాక్కిరదై’ అని పలక తగిలించినంత మాత్రాన బాధ్యత తీరదు. ఆ పలక లోనికి వచ్చేవారికి హెచ్చరిక. గేటు దాటి బయటికి వచ్చిన కుక్కకు అది అనుమతిపత్రం కాదు.

జాతిని బట్టి నిషేధిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఇరవైమూడు జాతుల కుక్కలను అపాయకరమైనవిగా పేర్కొని, వాటి పెంపకానికి అనుమతులు ఇవ్వవద్దని రాష్ట్రాలకు ఉత్తరువు పంపినది. సంబంధితులను సంప్రదించలేదన్న కారణంతో కర్ణాటక హైకోర్టు మరుసటి నెలలోనే దానిని కొట్టివేసినది. జాతి ఏదైనా, వీధిలో గొలుసు లేకుండా వదలిన కుక్క వలన ముప్పే. నాటు కుక్క కాటుకు కూడా రేబిస్ వస్తుంది.

కుక్కను కావాలని ఉసిగొల్పితే నేరం మరింత పెద్దది. ఈ సంగతిని 1860 నాటి శిక్షాస్మృతి ఉదాహరణలతో వివరించినది. ఆ ఉదాహరణలు న్యాయ సంహితలోని 129, 130 సెక్షన్లలో నేటికీ ఉన్నాయి. ఒకరిని గాయపరచడానికో భయపెట్టడానికో కుక్కను మీదికి ఉసిగొల్పడం నేరపూరిత బలప్రయోగం. మీదికి వదలుతానన్న భయం కలిగేలా క్రూరమైన కుక్క మూతి చిక్కాన్ని విప్పబోవడం కూడా దౌర్జన్యం కిందికే వస్తుంది. కుక్క కరవనవసరం లేదు. అద్దె బకాయి తగాదాలోనో, సరిహద్దు గోడ తగాదాలోనో కుక్కను చూపి బెదిరించేవారు ఈ సంగతి తెలుసుకోవడం మేలు.

ఇక ఆత్మరక్షణ. మనిషి చేసే నేరం నుండి తన దేహాన్ని, ఇతరుల దేహాన్ని కాపాడుకొనే హక్కును న్యాయ సంహిత 34వ సెక్షన్ మొదలుకొని వివరిస్తుంది. కుక్కను ఉసిగొల్పిన మనిషి ఎదుట ఉన్నప్పుడు ఈ హక్కు వర్తిస్తుంది. కుక్క తనంత తాను మీదికి వచ్చినప్పుడు కుక్క నేరం చేసినదని చెప్పడానికి వీలులేదు; అప్పుడు ఆదుకొనేది 19వ సెక్షన్. హాని చేయాలన్న దురుద్దేశం లేకుండా, మరొక హానిని తప్పించడానికి సద్భావంతో చేసిన పని నేరం కాదని ఆ సెక్షన్ చెబుతుంది. పిల్లవాని మెడ పట్టబోయే కుక్కను చేతికందిన కర్రతో కొట్టినవాడు నేరస్థుడు కాడు.

అయితే ఆత్మరక్షణ హక్కుకు గడువు ఉన్నది, కొలత ఉన్నది. భయం మొదలైనప్పుడు మొదలై, భయం తొలగినప్పుడు ముగియడం గడువు. ఆపడానికి ఎంత అవసరమో అంతకు మించకపోవడం కొలత. కుక్కను కొట్టవలసి వచ్చినప్పుడు కూడా ఈ మర్యాద పాటించడం క్షేమం. తోక ముడిచి పారిపోతున్న కుక్కను వెంటాడి కొట్టడం రక్షణ కాదు. మరునాడు అన్నంలో విషం కలిపి పెట్టడం అసలే కాదు. జంతువును చంపడం, విషం పెట్టడం, అవిటిదానిని చేయడం 325వ సెక్షన్ ప్రకారం అయిదేళ్ల వరకు జైలుకు దారితీసే నేరం. వీధికుక్కల విషయంలోనూ పోలీసులు ఇటువంటి కేసులు నమోదు చేస్తున్నారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం దీనికి అదనం.

తుపాకి మాట ఎత్తేవారు కూడా లేకపోలేదు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్ గ్రామంలో ఒక రాత్రి సుమారు ఇరవై వీధికుక్కలను కాల్చి చంపారు. తమవారి పెంపుడు కుక్కలపై వీధికుక్కలు దాడి చేసినందుకు ఇది ప్రతీకారమని పోలీసులు తేల్చి, నిందితులను అరెస్టు చేశారు. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్న సామెతను తుపాకితో ఆచరిస్తే ఇట్లే ముగుస్తుంది. తుపాకికి లైసెన్సు ఉండటం ప్రాణివధకు లైసెన్సు కాదు. ఇరుకు సందులో పేలిన గుండు కుక్కకే తగులుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. పక్షులను కొట్టే ఎయిర్‌గన్‌తో కుక్కను కాల్చడం కూడా హింసే.

సామాన్యునికి సరిపడిన ఆయుధాలు అతని చేతిలోనే ఉన్నాయి: గొడుగు, సంచి, చేతికర్ర. వాటిని కుక్కకూ తనకూ నడుమ అడ్డుపెట్టవలెను. పరుగెత్తరాదు, కన్నులలోకి గుచ్చి చూడరాదు, వీపు చూపకుండా మెల్లగా వెనుకకు అడుగులు వేయవలెను. క్రింద పడిపోతే ముడుచుకొని, చేతులతో మెడను, ముఖాన్ని కప్పుకోవలెను. ఈ నాలుగు మాటలు పిల్లలకు ఇంటిలోనే ఆడిస్తూ నేర్పడం మంచిది.

యజమాని లేని కుక్కకు బాధ్యుడెవరు? నగరమే. చెన్నపట్నానికి ఈ విషయంలో దీర్ఘ చరిత్ర ఉన్నది. ఒకప్పుడు ఇక్కడి కార్పొరేషన్ వీధికుక్కలను పట్టి చంపేది. ఎన్ని చంపినా వీధులు ఖాళీ కాలేదు. ఖాళీ అయిన చోటికి కొత్త కుక్కలు వచ్చి చేరేవి. బ్లూ క్రాస్ సంస్థ 1964లోనే ప్రతిపాదించిన సంతాన నియంత్రణ మార్గాన్ని కార్పొరేషన్ 1996లో చేపట్టినది. 2001లో కేంద్ర ప్రభుత్వం దానిని దేశమంతటికీ నియమంగా చేసినది. 2023లో కొత్త నియమాలు వచ్చాయి. వీటి ప్రకారం కుక్కకు శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకొన్న చోటనే వదలవలెను. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు రేబిస్ సోకిన కుక్కలను, క్రూరంగా ప్రవర్తించేవాటిని తిరిగి వదలరాదని, ఆహారం పెట్టడానికి వార్డులలో ప్రత్యేక స్థలాలు చూపవలెనని ఆదేశించినది. నవంబరు 7న పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుండి కుక్కలను తొలగించి ఆశ్రయాలకు తరలించవలెనని చెప్పినది.

కాలభైరవుని వాహనమని కుక్కలకు అన్నం పెట్టే ఆచారం తెలుగు ఇళ్లలో ఉన్నది. ఆ పుణ్యకార్యం బడి వాకిట, పిల్లలు ఆడుకొనే చోట చేస్తే మరొకరి బిడ్డకు ముప్పు. అన్నం పెట్టేవారే ఆ కుక్కకు శస్త్రచికిత్స, టీకా జరిగినవో లేదో కనుక్కొని, జరగకపోతే కార్పొరేషన్‌కు 1913 నంబరులో తెలియజేస్తే పుణ్యం సంపూర్ణమవుతుంది.

కాటు పడితే చేయవలసినది కోపపడటం కాదు. వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగవలెను. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి పెట్టరాదు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లవలెను. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తరువాత మూడవ, ఏడవ, ఇరవై ఎనిమిదవ రోజులలో టీకా వేస్తారు. గాయం లోతైనదైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇస్తారు. లక్షణాలు కనబడిన తరువాత రేబిస్ దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే. పథ్యం, మంత్రం, ఆకుపసరు టీకాకు బదులు కావు. కరచిన కుక్కను చంపరాదు. పది రోజులు గమనించగలిగితే అది వైద్యునికి ఉపయోగపడే సాక్ష్యం. టీకా మాత్రం ఆ పది రోజుల కొరకు ఆగరాదు. పెంపుడు కుక్క అయితే యజమాని టీకా కార్డు చూపవలెను. కార్డు ఉన్నదన్న ధైర్యంతో వైద్యుని సలహా లేకుండా ఉండిపోరాదు. ఆ తరువాత పోలీసు ఫిర్యాదు, కార్పొరేషన్ ఫిర్యాదు వ్రాతపూర్వకంగా ఇవ్వవచ్చును.

సామెత పాతది, వీధి కొత్తది. యజమాని గొలుసును గట్టిగా పట్టుకొంటే బాటసారి కర్ర పట్టుకొని నడవనవసరం లేదు. యజమాని లేని కుక్క విషయంలో నగరం తన పని చేయవలెను; చేయనప్పుడు అడిగే అధికారం ప్రతి నివాసికీ ఉన్నది. ఇల్లు సొంతమా, అద్దెదా, కాపలా గదియా అన్న భేదం ఆ అధికారానికి లేదు.