పేర్ల పోలిక – పాల ప్యాకెట్టు
(పెడన ప్రాంత పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు ప్రసంగం)



రెండు మార్కులు పక్కపక్కన పెడితే తేడా ఎవరికైనా తెలుస్తుంది. కాని బజారులో కొనే మనిషి ఒక్క ప్యాకెట్టునే చూస్తాడు. రెండోది అతనికి లీలగా జ్ఞాపకం. ట్రేడ్‌మార్కు అధికారులు ఆ మనిషి దృష్టితోనే చూస్తారు. పేరు చెవికి వినబడే తీరు, బొమ్మ, సరుకు, అన్నీ కలిపి తూస్తారు.

కర్ణాటక పాల ఫెడరేషన్ 1985 నుంచి ‘నందిని’ పేరు వాడుతోంది. బెంగుళూరులో 1989లో ‘నంధిని’ పేరుతో ఆంధ్ర భోజన హోటలు వెలిసింది. తగాదా సుప్రీంకోర్టుకెక్కింది. ఒకరిది ఆవు బొమ్మ, ఒకరిది దీపం బొమ్మ. ఒకరివి పాలు, ఒకరిది భోజనం. కనుక హోటలు ఆ పేరు ఉంచుకోవచ్చునని 2018లో తీర్పు వచ్చింది. అయితే పాలు, పాల పదార్థాలకు మాత్రం ఆ పేరు హోటలుకు దక్కలేదు.

కనుక మన పేరును పోలిన పాల ప్యాకెట్టు కనబడితే జగడమాడవద్దు. ప్యాకెట్టు, బిల్లు భద్రపరచి యూనియనుకు తెలపండి. పేరు మీద నమ్మకం సడలితే దెబ్బ తగిలేది మన పాల ధరకే.