పెద్దలు పడిపోకుండుటకు మన పూనిక

(సమితి వార్షికోత్సవమున చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సమితి వేదికపై సాధారణముగా కవిత్వమును గూర్చియో, నాటకమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగములు జరుగును. కార్యదర్శిగారు నన్ను మాటలాడుమని కోరినప్పుడు నేను ఎంచుకొన్న విషయము విని వారు కొంచెము ఆశ్చర్యపడిరి. ముసలివారు కాలుజారి పడుటను గూర్చి ఉత్సవమునాడు మాటలాడవలెనా అని వారి సందేహము. నేను వైద్యుడను గాను. చదివినది చరిత్ర, చేయునది సచివాలయమున ఉద్యోగము. అయినను గడచిన రెండు సంవత్సరములుగా మన సమితి పక్షమున పెద్దల ఆరోగ్య శిబిరములను నడపు పని నా పాలబడినది. అందు నేను చేసిన పొరపాట్లను, వానివలన నేర్చుకొన్నదానిని మీ ముందుంచుటకు అనుమతి వేడుచున్నాను.

ఈ పనిలోనికి నన్ను దింపినవారు మా తల్లిగారు. మా తండ్రిగారు గతించిన పిదప ఆమె కృష్ణాజిల్లాలోని స్వగ్రామము విడిచి ఢిల్లీలో మా క్వార్టర్సుకు వచ్చిరి. అప్పటికి ఆమెకు 72 సంవత్సరములు. మా ఇల్లు రెండవ అంతస్తున ఉన్నది, లిఫ్టు లేదు. రెండేండ్ల క్రిందట కార్తీకమాసమున, సోమవారము ఉపవాసముండిన మరునాటి తెల్లవారుజామున, స్నానాల గది గడపవద్ద పడి ఆమె తుంటి ఎముక విరుగగొట్టుకొనిరి. ఆసుపత్రిలో శస్త్రచికిత్స అయిన మూడవనాడు నాతో మెల్లగా ఇట్లనిరి: "ఇది మొదటిసారి కాదు నాయనా. దసరాకు ముందు రెండుసార్లు పడ్డాను. చెబితే నువ్వు సెలవు పెడతావనీ, ఆ తర్వాత మెట్లు దిగనివ్వవనీ ఊరుకున్నాను."

ఆఫీసులో ఫైలులోని ఒక్క పంక్తినైనను విడువక చదువు నాకు, ఇంటిలో తల్లి మోచేతిపై కమిలిన మచ్చ కనబడలేదు. ఆమె చెప్పలేదనుట నిజమే. చెప్పదగిన కొడుకుగా నేనుంటినా అనునది ఆనాటినుండి నన్ను వదలని ప్రశ్న.

ఇది మా యింటి కథ మాత్రమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన నివేదిక ననుసరించి, 65 యేండ్లు దాటినవారిలో ఏటేట నూటికి 28 మొదలు 35 మంది వరకు పడుచున్నారు. 70 దాటినవారిలో ఈ సంఖ్య 32 మొదలు 42 వరకు పెరుగును. అదే సంస్థ 2021లో ఇచ్చిన అంచనా ప్రకారము పడుటవలన ప్రపంచమున ఏటా 6 లక్షల 84 వేలమంది మరణించుచున్నారు. అనుకోని గాయములవలని మరణములలో రోడ్డు ప్రమాదముల తరువాతి స్థానము దీనిదే. మన దేశమున 2011 జనాభా లెక్కలనాటికే 60 దాటినవారు 10 కోట్లకు మించి యున్నారు. అయినను "ముసలితనము గదా, పడక ఏమి చేయుదురు?" అని మనము సరిపెట్టుకొనుచున్నాము. ముసలితనము పడుటకు సందర్భమే గాని కారణము కాదు. కారణము వేరుగ ఉండును. దానిని వెదకిన దొరకును. దొరికిన చాలభాగము తొలగింపవచ్చును.

ఈ మాట నలుగురికి చెప్పవలెనని మేము ఆ జనవరిలో మొదటి శిబిరము నడిపితిమి. సర్క్యులరు పంపితిమి, బ్యానరు కట్టితిమి, ఒక పెద్ద వైద్యుని ఆహ్వానించితిమి. మేడమీది హాలులో సాయంకాలము ఐదుగంటలకు సభ. హాలు నిండినది. అయితే వచ్చినవారిలో ముక్కాలు మువ్వీసము మనవంటి ఉద్యోగులే. ఎవరికొరకు సభ చేసితిమో వారు ఆ చలిలో, ఆ చీకటివేళ, ఆ మెట్లెక్కి రాలేక ఇండ్లలోనే ఉండిపోయిరి. మెట్లెక్కలేనివారిని మెట్లెక్కి రండని పిలిచిన ఘనత మాది!

వచ్చిన కొద్దిమంది పెద్దలకైన మేలు జరిగెనా అన్న, అదియు సందేహమే. వైద్యుడు మంచివాడు, ఓపిక గలవాడు. కాని ఆయన భాష హిందీ. ఎదుట కూర్చున్న ఒక తల్లిని "చక్కర్ ఆతా హై?" అని ఆయన ప్రేమగా అడిగెను. కళ్లు తిరుగుచున్నవా అని ఆయన భావము. ఆమె వెంటనే, "చక్కెర లేదు బాబూ, బీపీ ఒక్కటే" అని బదులు చెప్పెను. అందరము నవ్వితిమి. ఇంటికి పోవు దారిలో నాకు ఆ నవ్వు అడుగంటిపోయినది. ఆసుపత్రిలో మా తల్లిగారిని డాక్టరు ఏదో అడిగినప్పుడు, ఆమె నోరు తెరువకముందే, "కాలు జారి పడినది" అని హిందీలో జవాబు చెప్పినవాడను నేను. ఆమె ఎట్లు పడెనో నేను చూడలేదు. ఆమెను అడుగనైన లేదు.

రెండవ శిబిరము ఫిబ్రవరిలో వేరొక విధముగా నడిపితిమి. శనివారము పగలు పదకొండు గంటలకు, కాలనీ పార్కులో, ఎండపొడలో కుర్చీలు వేయించితిమి. చేతులున్న కుర్చీలే తెప్పించితిమి, లేచునప్పుడు పట్టుకొనుటకు. ప్రక్కనే మరుగుదొడ్డి, త్రాగు నీరు ఉండునట్లు చూచితిమి. ఒక్కొక్క బ్లాకుకు ఇద్దరు యువకులను నియమించి, మెట్లు దిగలేనివారిని కుర్చీలో కూర్చుండబెట్టి దింపి తెచ్చితిమి. మా తల్లిగారును అట్లే వచ్చిరి, ముందు వాకరు పెట్టుకొని. ఉపన్యాసము లేదు. ఐదారుగురు చొప్పున గుంపులుగా కూర్చుండబెట్టి, గుంపునకొక తెలుగు సోదరిని పంపి, "మీరు ఎప్పుడైన పడితిరా? ఎట్లు పడితిరి?" అని మాత్రము అడిగించితిమి. కొడుకులను, కోడళ్లను కొంచెము దూరముగా టీ త్రాగుచుండుడని కోరితిమి. ఇది మర్యాదకు భంగమేమోనని భయపడితిని; కాని ఆనాటి ఏర్పాట్లలో ఇదియే మేలైనదని తరువాత తెలిసినది.

ఆ గంటసేపటిలో మాకు తెలిసిన ముఖ్యమైన సంగతి ఇది. పడుటకు మన పెద్దలయొద్ద ఒక్క మాట లేదు, నాలుగు మాటలున్నవి. ఆ నాలుగును నాలుగు కారణములు.

మొదటిది "కాలు జారినది" అనుట. ఇది నేల దోషము. తడి స్నానాల గది, నూనె ఒలికిన వంటగది, చలికాలమున మేజోళ్లతో నున్నని గచ్చుపై నడచుట, అరిగిన హవాయి చెప్పులు దీనికి హేతువులు. నేల పొడిగా నుంచుట, జారని రబ్బరు పట్టా, గోడకు బిగించిన ఒక స్టీలు కడ్డీ, కూర్చుండి స్నానము చేయుటకు ఎత్తైన పీట దీనికి మందు.

రెండవది "కాలు తట్టుకొన్నది" అనుట. గడప, మడతపడిన చాప, నేలపై ప్రాకు కరెంటు తీగ, కాలికి అడ్డుపడు చీర కుచ్చెళ్లు, వీనితోపాటు మసకబారిన చూపు దీనికి కారణములు. దారి ఖాళీ చేయుట, మంచమునుండి స్నానాల గది వరకు రాత్రి చిన్న దీపముంచుట, శుక్లములకు కాలయాపన చేయక చికిత్స చేయించుట అవసరము. గడప తీయలేము, దాని అంచు కనబడునట్లు రంగు వేయవచ్చును. మన పూర్వులు గడపకు పసుపు పూసినది శుభమునకే కావచ్చును. అది కంటికి కనబడుటకును పనికివచ్చును.

మూడవది "కళ్లు తిరిగినవి" అనుట. ఇది తరచు రక్తపు పోటుకు, మందులకు సంబంధించిన సంగతి. పడుకొన్నవారు తటాలున లేచి నిలిచినప్పుడు పోటు ఒక్కసారిగా పడిపోవచ్చును. పోటు తగ్గించు మాత్రలు, నిద్రమాత్రలు, నీరు త్రాగకుండుట దీనిని హెచ్చించును. లేచుటకు ముందు మంచము అంచున కొంతసేపు కూర్చుండవలెను. వాడుచున్న మందులన్నియు ఒక సంచిలో వేసికొనిపోయి వైద్యునకు చూపి, పడుకొన్నప్పుడును, నిలుచున్నప్పుడును పోటు కొలిపింపవలెను. వైద్యుడు చెప్పనిదే ఏ మాత్రయు మనంతట మనము మానరాదు.

నాల్గవది "తూలినాను" అనుట. ఇది కాళ్ల బలము, శరీరపు నిలకడ తగ్గుటవలన కలుగును. దీనికి వ్యాయామమే మందు.

మా తల్లిగారి వంతు వచ్చినప్పుడు ఆమె, "నాకు కాలు జారలేదమ్మా, కళ్లు తిరిగాయి. ముందు రెండుసార్లూ అంతే" అనిరి. నేను కొంచెము దూరములో టీ కప్పు పట్టుకొని నిలిచి వింటిని. మూడు నెలలుగా నేను స్నానాల గదిలో రబ్బరు పట్టాలు పరచుచుంటిని. ఆమె రోజు విడిచి రోజు ఉపవాసములకు నీరు త్రాగక, పోటు మాత్రలు మాత్రము తప్పక వేసికొనుచుండిరి. మరునాటి వారము మందుల సంచితో వైద్యునివద్దకు పోతిమి. ఆయన పోటు రెండు విధముల కొలిచి, మందు మోతాదు మార్చెను. ఉపవాసము మానుమని అనలేదు. నీరు మానవద్దని మాత్రము చెప్పెను. ఆమె అందుకు సమ్మతించిరి.

ఇక వ్యాయామమును గూర్చి. ఇది ఊహ కాదు. 108 పరిశోధనలను సమీక్షించి 2019లో వెలువడిన కాక్రేన్ నివేదికలో, వ్యాయామమువలన వృద్ధులు పడుట నూటికి 23 వంతులు తగ్గినదని తేలినది. న్యూజీలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయమువారు 1990 దశాబ్దమున రూపొందించిన ఇంటి వ్యాయామములు ఎక్కువ సామగ్రి కోరునవి కావు. కుర్చీలోనుండి చేతుల సాయము లేక లేచుట, మడమలెత్తి నిలుచుట, వంటగట్టు పట్టుకొని ఒంటికాలిపై నిలుచుట, ఒక పాదము ముందర ఒక పాదము పెట్టి నడచుట మొదలైనవి వారమునకు మూడు పర్యాయములు, వీనికితోడు నడక. మొదట ఫిజియోథెరపిస్టు చూచి, ఎవరికి ఏది తగునో నిర్ణయింపవలెను. మా శిబిరములలో ఒక సులభ పరీక్ష కూడ చేయుచున్నాము. కుర్చీనుండి లేచి, మూడు మీటర్లు నడచి, తిరిగివచ్చి కూర్చుండుటకు 12 సెకండ్లు గాని అంతకు మించి గాని పట్టినచో వారిని ప్రత్యేకముగా చూడవలెనని గుర్తు వేసికొనుచున్నాము.

కార్యనిర్వాహకులు కాదలచిన మిత్రులకు ఒక మనవి. శిబిరము జరిగిననాడు పని సగమైన కాదు. మేము ఒక రిజిస్టరు పెట్టితిమి. ఇష్టపడినవారి పేరు, అంతస్తు, పైని చెప్పిన నాలుగు మాటలలో ఏది వర్తించునో అందు వ్రాయుదుము. పదునైదు దినములకు ఇద్దరు వారి యింటికి పోయి, కడ్డీ బిగించిరా, దీపము పెట్టిరా, మందులు చూపించిరా అని అడుగుదురు. మూడు నెలలకు మరల పోవుదురు. బిగింపని కడ్డీ అంగడిలో నున్నను ఒకటే, ఉపన్యాసములో నున్నను ఒకటే. ఎవరైన పడినచో వెంటనే చేయి పట్టి లేవనెత్తరాదని, తుంటిలో నొప్పియున్నను, తలకు దెబ్బ తగిలినను కదలింపక 112కు ఫోను చేయవలెనని ఇంటివారికి చెప్పుదుము. 2021నుండి దేశమంతట పనిచేయుచున్న పెద్దల సహాయవాణి 14567 సంఖ్యను ప్రతి యింట ఫోను ప్రక్కన వ్రాయించుచున్నాము.

అన్నిటికంటె కష్టమైన పాఠము చివర చెప్పెదను. మా తల్లిగారు పడిన పిదప నేను ప్రేమతో చేసిన మొదటి పని, ఆమెను కదలనీయకుండుట. మంచినీళ్లు మంచము దగ్గరకే, పూజాపీఠము మంచము ప్రక్కకే. నెల తిరుగకముందే ఆమె కాళ్లు సన్నబడినవి. నిలుచున్న భయము, నడచిన భయము. పడుదుమను భయమున కదలనివారు బలహీనులై మరింత పడుదురని ఫిజియోథెరపిస్టు నాకు వివరించెను. పెద్దలు తాము పడిన సంగతి దాచుట ఎందుకో నాకప్పుడు బోధపడినది. చెప్పినచో మనము వారికి వేయు శిక్ష కదలకుండుటయే గదా! వారి కాళ్లను కాపాడవలెనన్న, మొదట వారి నోటిని మనము మూయరాదు.

ఇప్పుడు ప్రతి శనివారము పార్కులో ఇరువదిమందికి పైగా పెద్దలు కూడుచున్నారు. మా తల్లిగారు చేతికర్రతో మెట్లు దిగివచ్చి లెక్క చెప్పు పని తీసికొనిరి. మడమ ఎత్తిన మొదటిసారి ఆమె "ఒకటి" అనరు. కళ్లములో ధాన్యము కొలుచునప్పటివలె "లాభం" అందురు. తక్కినవారు "రెండు, మూడు" అని అందుకొందురు.

మిత్రులారా! నేటి రాత్రి ఇంటికి పోయినప్పుడు మీ పెద్దలను ఒక్క ప్రశ్న, మన భాషలో, కోపము లేక, తొందర లేక అడుగుడని నా ప్రార్థన: "అమ్మా, ఈ మధ్య ఎప్పుడైనా పడ్డావా? ఎలా పడ్డావు?" జవాబు పూర్తియగువరకు మీరు మాటలాడవద్దు. వారు చెప్పిన మాటతో శనివారమునాడు పార్కునకు రండు.