టీవీ, నెట్, ఫోన్ అన్నీ ఒకే కరెంటు స్తంభం మీద: స్తంభం పడితే ఏంది మన పరిస్థితి?

 

ఈరోజు మన తల మీదుగా పోయే ఒక నల్ల తీగ గురించి మాట్లాడుకుందాం. కర్నూలు నుంచి కోడుమూరుకు వచ్చేటప్పుడు కరెంటు స్తంభాల్ని ఒకసారి గమనించండి. కరెంటు తీగల కింద చాలాచోట్ల సన్నగా, నల్లగా ఇంకో తీగ వేలాడుతుంటుంది. దాంట్లో పోయేది కరెంటు కాదు, వెలుతురు. అదే ఫైబర్.

స్తంభాల మీద ఎందుకేసినారు? 2015లో మన రాష్ట్రంలో ఏపీ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ అని ప్రభుత్వ సంస్థ పెట్టినారు. భూమి తవ్వి కేబుల్ పూడ్చాలంటే వేల కోట్లు కావాలి, ఏండ్లు పడుతుంది. స్తంభాలేమో ముందే పాతి ఉన్నాయి. వాటి మీదే తీగ లాగితే? మొదటి దశలో దాదాపు 24 వేల కిలోమీటర్ల పని. ఖర్చు 333 కోట్లు అని చెప్పినారు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకే టీవీ చానళ్ళు, 15 ఎంబీపీఎస్ నెట్, ఫోన్ ఇచ్చినారు. మూడూ ఒకే తీగలో. టెండర్ల మీద గొడవలు, కేసులు వేరే కథ, అది ఇక్కడ వద్దు. ఇంజినీరింగ్‌గా చూస్తే మాత్రం మంచి ఆలోచన. రాయి, నల్లరేగడి ఉన్న మన నేలలో తవ్వడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాల్నా?

అయితే చౌకగా వచ్చినదానికి వేరే ధర కట్టాల. అదేందో చూద్దాం.

పాత ల్యాండ్‌లైన్ గుర్తుందా? కరెంటు పోయినా మోగేది. ఎందుకంటే ఆ రాగి తీగలోనే ఎక్స్ఛేంజీ నుంచి 48 వోల్టుల కరెంటు వచ్చేది. ఎక్స్ఛేంజీలో పెద్ద బ్యాటరీలుండేవి. 1980ల్లో సీ-డాట్ వాళ్ళు పల్లెల కోసం చేసిన చిన్న ఎక్స్ఛేంజీకి ఏసీ గది కూడా అక్కర్లేదు. మన ఎండలకు సరిగ్గా సరిపోయే సరుకు. రేడియో సంగతి ఇంకా తేలిక. కడప ఆకాశవాణి 1963లో మొదలైంది. ఇంట్లో రెండు సెల్లులుంటే చాలు, వార్తలు వినొచ్చు.

అంటే అప్పుడు ఫోన్‌ది ఒక దారి, రేడియోది ఒక దారి, టీవీది ఇంకో దారి. ఒకటి పోతే ఇంకోటి ఉండేది. ఇప్పుడు మూడూ ఒకే దారి. పైగా ఫైబర్ అంటే గాజు, దాంట్లో కరెంటు పారదు. మీ ఇంట్లో బాక్సుకు కరెంటు మీరే ఇవ్వాల. స్తంభం పడిందనుకోండి, కరెంటూ పోతుంది, ఫైబరూ తెగుతుంది. రెండూ ఒక్కసారే! సాఫ్ట్‌వేర్‌లో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు. మన భాషలో చెప్పాలంటే గుడ్లన్నీ ఒకే గంపలో పెట్టినట్టు.

"సెల్ టవర్ ఉంది కదన్నా" అంటారు. ఉంది. కానీ టవర్‌కు కూడా కరెంటు కావాల. దాని బ్యాటరీ కొన్ని గంటలే. ఆ తర్వాత ఎవరో ఒకరు జనరేటర్‌లో డీజిల్ పోయాల.

ఇది ఊహ కాదు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది. సొంతోళ్ళు ఎక్కడున్నారో కనుక్కోవాలని అందరూ ఫోన్ చేసేది సరిగ్గా అట్లాంటప్పుడే. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపానుకు విశాఖలో స్తంభాలు వేలల్లో కూలినాయి. ఆ తర్వాత విశాఖలో కరెంటు తీగల్ని భూమిలోకి దించే పని పెట్టుకున్నారు. మనకు తుపాను రాదు, నిజమే. కానీ ఎండాకాలం గాలివాన వస్తుంది. లారీ వచ్చి స్తంభాన్ని గుద్దుతుంది.

ఇప్పుడు ఫోన్ అంటే మాటలొక్కటే కాదు. రేషన్ మిషన్, పింఛన్, యూపీఐ, 108కు చేసే కాల్, అన్నీ దాని మీదే. లైన్ లేకపోతే రేషన్ షాపు కాడ ముసలోళ్ళు గంటలకొద్దీ నిలబడాల.

మరి ఏం చేయాల? ఫైబర్ వద్దనడం లేదు. అది కావాల్సిందే. ఇంట్లో అయితే బాక్సుకు ఒక మినీ యూపీఎస్ పెట్టుకోండి. కొనే ముందు అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని రాసుందో చూడండి, ఎక్కువగా 12 ఉంటుంది. ఒక చిన్న రేడియో కూడా దగ్గర పెట్టుకోండి. ఊరికి అయితే సచివాలయానికి, ఆసుపత్రికి రెండు వైపుల నుంచి తీగ రావాల. దాన్నే రింగ్ అంటారు. ఒక వైపు తెగితే ఇంకో వైపు నుంచి నడుస్తుంది. ఆ రెండో తీగ కూడా అదే స్తంభాల మీద వస్తే మాత్రం లాభం లేదు.

ఈసారి గ్రామసభకు పోతే స్పీడ్ ఎంత అని అడగొద్దు. "సార్, స్తంభం పడితే మనకు రెండో దారి ఏది?" అని అడగండి.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.