తరవాణి కుండ, ఊలు సూదులు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండితులు మాట్లాడిన ఈ వేదికమీద రైల్వే గుమాస్తాలమైన మాకు కూడ పది నిమిషాలు కేటాయించినందుకు కృతజ్ఞులము. మా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. కావ్యాల జోలికి పోకుండ, డ్యూటీ లేని ఆదివారం మా యింట జరిగే చేతిపనిని గూర్చి మాత్రమే మనవి చేస్తాము.

బెజవాడ నుండి కటకం వరకు తూర్పుతీరపు రైలుమార్గం 1893, 1896 సంవత్సరాల మధ్య పడింది. మన పెద్దలలో అనేకులు ఆ దారినే ఈ ఖుర్దారోడ్డుకు వచ్చారు. వారితోపాటు తరవాణి కుండ కూడ వచ్చింది.

తరవాణి అంటే ఏమిటో నేటి పిల్లలకు చెప్పవలసి వస్తున్నది. అన్నం వార్చిన గంజిని కుండలో పోసి, గుప్పెడు అన్నం, కాస్త ఉప్పు వేసి, గుడ్డతో వాసెన కట్టి నీడపట్టున ఉంచితే రెండు మూడు రోజులకు పులుస్తుంది. వాడుకొన్నంత వాడుకొని, అడుగున కొంత నిలిపి, దానిమీద కొత్త గంజి పోస్తారు. పాతదానిలోని సూక్ష్మజీవులే కొత్తదానిని పులియబెడతాయి. పాలకు తోడు వంటిదన్నమాట. వేసవిలో ఆ పుల్లని నీరు, అందులో నానిన అన్నం, ఒక ఉల్లిపాయ, ఆవకాయ బద్ద ఉంటే మరేమీ అక్కరలేదు.

మన పొరుగు ఒడియావారు పఖాళ నీటిని తోరాణి అంటారు. తరవాణి, తోరాణి! రెండు మాటలూ ఎంత దగ్గరగా వినబడుతున్నాయో చూడండి. వారు మార్చి 20వ తేదీని పఖాళ దినంగా జరుపుకొంటున్నారు. పూరీ జగన్నాథస్వామికి సైతం పఖాళ నివేదన కలదు. వారు చద్దికి పండుగ చేస్తుండగా మనము కుండను అటకెక్కించాము.

కుక్కరు రాగానే వార్చడం పోయింది. వార్చడం పోయేసరికి గంజి లేదు, సిబ్బితో పని లేదు, తరవాణి లేదు. వస్తువుతోపాటు మాట కూడ వెళ్లిపోతుంది. మా పిల్లవాడు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతాడు. తెలుగు అక్షరాలు ఇంట్లో దిద్దించాము. వాడు "వార్చు" అని తప్పులేకుండ వ్రాసి, అంటే ఏమిటని మమ్ములనే అడిగాడు. అక్షరం వచ్చింది కాని అర్థం రాలేదు.

అందుచేత ఆదివారం కుక్కరుకు సెలవు. అన్నం వార్చి, గంజి కుండలోకి ఎత్తుతాము. భోజనాలైన తరువాత అమ్మగారు లేసు కొక్కెం, ఇంటావిడ ఊలు సూదులు పట్టుకొని కూర్చుంటారు. ఈ లేసు అల్లికను గోదావరి ప్రాంతంలో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పారు. నేడు నరసాపురం లేసు అంటే తెలుగువారి పనే. నేర్చుకొని చేస్తూ ఉంటే ఏ పని అయినా మనదవుతుంది. స్వెట్టరులో ముఖ్యమైన కుట్లు రెండే, ప్లెయిను, పర్లు. వాటిని ఏ వరుసలో ఎన్ని వేయాలన్నదే విద్య. పిల్లలు ప్రక్కన కూర్చుండి ఒకటి, రెండు అని నూటికి పైగా తెలుగులోనే లెక్కపెడతారు. లెక్క తప్పితే వరుస విప్పవలసిందే గనుక అశ్రద్ధకు తావులేదు. ఊలు చిలపను రెండు చేతులకు తగిలించుకొని కూర్చోవడం మా వంతు.

ఆదివారం కూడ ఆడవారికి పని పెంచుతున్నారా అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. అన్నం వార్చడం, కుండ కడగడం మగవారే చేయాలి. అల్లికను తీరికపని అని తేలిక చేయడం కూడ మానాలి. ఆ తీరికలోనే మన పిల్లలకు తెలుగు అబ్బుతున్నది.

సంఘంవారికి ఒక మనవి. వచ్చే ఉగాదికి పద్యాల పోటీతోపాటు, ఇంటి పనిముట్లను చూపి పేర్లు చెప్పించే పోటీ కూడ పెట్టండి. సిబ్బి, కవ్వం, ఉట్టి, చిలప వంటివి మేము పోగుచేసి తెస్తాము. నెలకు ఒక్క ఆదివారమైనా ప్రతి యింటా కుండ నిండాలి. తోడుకు పాత తరవాణి కావలసినవారు చెంబు తీసికొని మా క్వార్టరుకు దయచేయండి.

సెలవు.